ప్రవాసి ఇంటికేల తిరిగి వచ్చును?

తెలుగువారి ఇండ్లలో గడప దాటి వెళ్ళువాడు "పోతున్నాను" అనరాదు. "పోయి వస్తాను" అనవలెను. తెలంగాణ పల్లెలలో "పోయొస్త" అను ఒక్క మాటలో పోక, రాక రెండును ఇమిడి ఉన్నవి. పూజ ముగిసిన పిమ్మట దేవతకు ఉద్వాసన చెప్పునప్పుడు సైతము మరల రమ్మని వేడుకొనియే సాగనంపుదురు. వెళ్ళుటకు అనుజ్ఞ ఇచ్చిన పెద్దలు ఆ అనుజ్ఞలోనే తిరిగి రావలెనను బాధ్యతను కూడ చేర్చినారు.

అయినను ఒక సందేహము మిగులుచున్నది. దూరదేశము పోయినవాడు ఎందుచేత ఇల్లు చేరగోరును? పుట్టిన నేలపై మమకారముచేతనా? పరాయిచోట పడిన కష్టముచేతనా? లేక వానిని పిలుచు ధర్మము వేరొకటి ఉన్నదా? నిజామాబాదు, బోధను ప్రాంతములలో ఇది పండితుల సభలలోని చర్చ మాత్రమే కాదు. ఏ వాడకు వెళ్ళినను, కుమారుడో, భర్తయో, అన్నయో గల్ఫు దేశములలో ఉన్న ఇల్లు ఒకటైనను కనబడును. అతడు ఎప్పుడు వచ్చును, ఎందుకు వచ్చును, వచ్చినచో ఎట్లు బ్రతుకును అను మాటలు ఆ ఇంట ప్రతిదినము వినబడును.

మహాభారతము అరణ్యపర్వము చివర యక్షుడు ధర్మరాజును అనేక ప్రశ్నలు అడిగెను. సంతోషముగా ఉండువాడెవడు అన్నది వానిలో ఒకటి. ధర్మరాజు సమాధానములో రాజ్యము లేదు, ధనరాశులు లేవు. పగటి ఐదవ భాగముననో ఆరవ భాగముననో అయినను తన ఇంట కూరాకు వండుకొనుచు, అప్పు లేకుండ, పరదేశవాసము లేకుండ ఉండువాడే సంతోషించునని ఆయన చెప్పెను. అప్పు, ప్రవాసము అను రెండింటిని ఆయన ఒక్క ఊపిరిలో పలికెను.

ఆ మాట పలికినవాడెవరో కూడ గుర్తుంచుకొనవలెను. పండ్రెండేండ్ల వనవాసము గడిచి, ఇంకను ఒక ఏడు అజ్ఞాతవాసము మిగిలి ఉన్నవాడు. ఆడిన మాటకు కట్టుబడి అడవి పాలైనవాడు. ఆడిన మాటయు ఒక ఋణమే. అనగా ధర్మరాజు ఆనాటికి అప్పు తీరనివాడు, ఇల్లు చేరనివాడు. తనకు లేని రెండింటి విలువను అనుభవించి చెప్పినాడు గనుకనే ఆ సమాధానమునకు అంత బరువు కలిగినది.

అప్పు లేకుండుట, ఇంట ఉండుట అను రెండును ఒక్కచోట దొరకని కాలము వచ్చినచో మనుష్యుడు ఏమి చేయవలెను? దీనికి సమాధానము వెదకుటకు ముందు ఈ నేల చరిత్రను కొంత చూడవలసి ఉన్నది.

మంజీరానదిపై 1923లో మొదలై 1931లో పూర్తి అయిన నిజాంసాగరము ఈ ప్రాంతపు నుదుటివ్రాతను మార్చినది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యమున నిర్మింపబడిన ఆ జలాశయము 2,75,000 ఎకరములకు నీరిచ్చుటకు ఉద్దేశింపబడినది. కాలువల క్రింద చెరకు పెరిగినది. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టు శక్కర్‌నగర్ అను బస్తీ ఏర్పడినది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా అది ఒకప్పుడు పేరు పొందినది. కాలువ నీటి మాట విని కోస్తా జిల్లాల రైతులు వచ్చి, బీడు కొట్టి, క్యాంపులు కట్టుకొని స్థిరపడినారు. బోధను, వర్ని ప్రాంతములలో అనేక ఊళ్ళ పేర్ల చివర క్యాంపు అను మాట నేటికిని నిలిచి ఉన్నది. తాతలకు అది వలస వచ్చిన చోటు, మనుమలకు అదియే సొంత ఊరు. ఒక నేల సొంతమగుటకు అక్కడ పుట్టుట ఒక్కటియే మార్గము కాదని, చెమటోడ్చుటయు ఒక మార్గమేనని ఆ క్యాంపులు చెప్పకనే చెప్పుచున్నవి.

కాలక్రమమున జలాశయములో పూడిక చేరినది. కాలువ చివరి పొలములకు నీరు అరుదైనది. రైతులు బోర్లను, అప్పులను ఆశ్రయించినారు. అదే సమయమున, 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట, అరబ్బు దేశములలో కట్టడముల పనులు విస్తరించి కూలీల అవసరము ఏర్పడినది. నిజామాబాదు, ఆర్మూరు, కామారెడ్డి, బోధను ప్రాంతములనుండి యువకులు వెళ్ళసాగిరి. కువైటుకు పోయినను, మస్కటుకు పోయినను, సౌదీకి పోయినను ఊరివారి మాటలో అది "దుబాయి పోవుట" అయినది. ఇచట చక్కెర కర్మాగారము 2002లో ప్రయివేటు భాగస్వామ్యము క్రిందికి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినది. అప్పు తీరవలెనన్న ప్రవాసి కావలెను, ప్రవాసి కావలెనన్న ముందుగా అప్పు చేయవలెను. ధర్మరాజు చెప్పిన సంతోషమునకు ఈ నేలపై పడిన ముడి ఇది.

బోధనును పూర్వపు ఏకచక్రపురముగా స్థానిక ఐతిహ్యము చెప్పును. ఇక్కడి శివునికి ఏకచక్రేశ్వరుడని పేరు. పాండవులు లక్క ఇంటినుండి తప్పించుకొని వచ్చి, ఏకచక్రపురమున ఒక బ్రాహ్మణుని ఇంట తలదాచుకొనిరి. ఊరికి బకాసురుని పీడ ఉండెను. వంతు వచ్చిన ఇంటివారు బండెడు అన్నమును, రెండు దున్నలను, వాటిని తోలుకొని వెళ్ళు మనిషిని పంపవలెను. ఆ ఇంటికి వంతు వచ్చినది. అప్పుడు ఆ గృహస్థుడు భార్యతో పలికిన మాటలను చదివినవారు తరచుగా దాటిపోవుదురు. క్షేమముగా బ్రతుకగల చోటికి పోవుదమని తాను పూర్వమే పలుమార్లు వేడుకొనగా, తాను పుట్టి పెరిగినది ఇచటనే, తన తల్లిదండ్రులు, చుట్టములు ఇచటనే ఉన్నారని ఆమె కదలలేదట. ఆ తల్లిదండ్రులును గతించిరి, చుట్టములును గతించిరి, అయినను ఆ మమకారము పోలేదని ఆయన విలపించెను.

కాబట్టి ఊరు విడిచి పోవుట పాపమని భారతము చెప్పలేదు. నేలపై మమకారము ఒక్కొక్కప్పుడు మోహమై ఇంటిని ముంచునని కూడ చూపినది. కేవలము మమకారముచేత తిరిగి వచ్చుటకు ధర్మమను పేరు పెట్టుటకు వీలు లేదు.

ఆ తరువాతి ఘట్టము ఇంకను గొప్పది. భర్త తాను పోవుదుననెను. భార్య తాను పోవుదుననెను. కుమార్తె తనను పంపుడనెను. మాటలు సరిగా రాని బాలుడు గడ్డిపరక పట్టుకొని దీనితో రాక్షసుని చంపెదననెను. వారిలో ఎవరును తనకేమి లాభమని ఆలోచింపలేదు. ఎవరు లేకున్నను ఈ ఇల్లు నిలువగలదు, ఎవరు లేకున్న నిలువలేదు అని మాత్రమే ఆలోచించిరి. పోవుటకును, రాకకును కొలబద్ద ఇదియే. ఎవని లేమిని ఇల్లు సహింపగలదో అతడు పోవచ్చును. అతని లేమిని ఇల్లు ఇక సహింపలేని దినమున అతడు రావలెను.

ఈ కొలబద్దతో ఒక సామాన్య జీవితమును ఊహించి చూడవచ్చును. బోధను దగ్గరి ఒక చెరకు రైతు పెద్ద కుమారుడు. రెండు బోర్లు వేయగా రెండును ఎండినవి. లైసెన్సు గల ఏజెంటు 30,000 రూపాయలకు మించి తీసుకొనరాదని నియమము ఉన్నను, నడుమ దళారులు చేరగా ఖర్చు లక్ష అయినది. ఆ లక్షను నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినాడు. నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయలు మిత్తికే చెల్లును. రెండేండ్ల ఒప్పందము అప్పుకే సరిపోయినది. మరి రెండేండ్లు చెల్లెలి పెండ్లికి, మరి రెండేండ్లు ఇంటి స్లాబుకు గడిచినవి. పాసుపోర్టు కఫీలు చేతిలో ఉన్నది. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు, తాను వెళ్ళిన ఐదవ నెలలో పుట్టిన కొడుకు నాయనమ్మ కొంగుచాటున దాగి, ఈ మామ ఎవరని అడిగినాడు. అందరును నవ్విరి. అతడును నవ్వినాడు. ఆ రాత్రి అతనికి నిద్ర రాలేదు.

మరల వెళ్ళిన పిమ్మట తండ్రికి పక్షవాతము వచ్చినది. కుమారుడు పంపిన పైకముతో వైద్యము జరిగినది. మందులు వచ్చినవి, మంచము వచ్చినది. ఫోనులో తండ్రి మాట్లాడుచు, "పైసలు పంపినవు గద బిడ్డా, చాలు. నువ్వు రాకు, ఇంక అప్పున్నది" అనెను. అది ప్రేమతో పలికిన మాటయే. కాని ఆ మాట వెనుక ఉన్న గొంతును కుమారుడు వినినాడు. స్నానము చేయించుటకు తండ్రిని రెండు చేతులతో ఎత్తవలసినవాడు వేయి క్రోసుల దూరమున ఎవరి భవనమునకో ఇటుకలు ఎత్తుచున్నాడు.

ఇక్కడనే ఋణములు రెండు విధములని తేటపడుచున్నది. ఒకటి ధనముతో తీరునది. షావుకారు బాకీ, పెండ్లి ఖర్చు, వైద్యుని రుసుము, పాఠశాల జీతము అట్టివి. వానిని ఎంత దూరమునుండి అయినను తీర్చవచ్చును. రెండవది మనిషి ఎదుట నిలిచిననే తీరునది. శాస్త్రము చెప్పిన పితృఋణము తల్లిదండ్రుల మరణానంతరము చేయు పిండప్రదానముతో మొదలు కాదు. వారు మంచాన ఉన్ననాడు పట్టిన మంచినీళ్ళతోనే అది తీర మొదలిడును. బిడ్డకు తండ్రి ముఖము తెలియవలెనన్నను, భార్య ఏండ్ల తరబడి ఒంటరిగా మోసిన బరువును పంచుకొనవలెనన్నను, ఏ బ్యాంకు ద్వారమునను పంపుటకు వీలుపడదు. మొదటి ఋణమును తీర్చుచు తీర్చుచు ఉండగా రెండవ ఋణము చాటుగా పెరుగుచుండును. దానికి కాగితము లేదు, సాక్షి సంతకము లేదు, గడువు తేది లేదు. ఆ పెరుగుదలను కన్నులారా చూచిన దినముననే ప్రవాసి తిరిగి రావలెనని నిశ్చయించుకొనును.

కష్టమే కారణమైనచో సుఖముగా ఉన్నవారు తిరిగి రాకూడదు. కాని అమెరికాలో వైద్యులుగను, ఇంజనీర్లుగను స్థిరపడి, ఇల్లు, వాహనము, గౌరవము అన్నియు ఉన్న తెలుగువారు సైతము తల్లిదండ్రులు వృద్ధులైన వేళ ఉద్యోగము వదలి వచ్చుచున్నారు. ఎడారిలో ఇటుకలు మోయువానికిని, చల్లని గదిలో కూర్చున్నవానికిని ఈ రెండవ ఋణము సమానమే. మొదటివానికి వచ్చుట కష్టతరము, రెండవవానికి సులభతరము, భేదము అంతమాత్రమే.

చరిత్రలో తరిమివేయబడి వచ్చినవారును కలరు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు రంగూనులోని తెలుగువారు కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి. త్రోవలో ఎందరో రాలిపోయిరి. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు లక్షన్నరకు మించిన భారతీయులను విమానములలో తీసుకొని వచ్చిరి. 2013లో సౌదీ అరేబియా నితాఖత్ నిబంధనను కఠినముగా అమలు చేసినప్పుడును, 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడును ఎందరో అర్ధాంతరముగా మరలిరి. అకామా పోయి, చట్టము దృష్టిలో లేనివారై బ్రతికిన ఖల్లివెల్లి కార్మికులు క్షమాభిక్ష ప్రకటింపబడినప్పుడు ఔట్‌పాసుతో వచ్చిరి. ఇట్లు వచ్చినవారిలో కొందరు కొన్ని నెలలకే మరల వీసా వెదకుకొనిరి. విమానము దిగినంతమాత్రమున తిరిగి వచ్చినట్లు కాదని దీనివలన తెలియుచున్నది. దేహము రాక వేరు, మనస్సు నిశ్చయించుకొని వచ్చుట వేరు.

నిశ్చయముతో వచ్చినవారికి ఒక ఉదాహరణము గాంధీమహాత్ముడు. 1893లో ఒక వ్యాజ్యపు పనిమీద ఒక్క ఏడాదికని దక్షిణాఫ్రికా వెళ్ళిన ఆయన, రెండు దశాబ్దములలో ఎక్కువ కాలము అక్కడనే గడిపి, 1915 జనవరి 9న బొంబాయి రేవులో దిగిరి. ఒక్క ఏడాది అనుకొన్నది ఇరువది ఏండ్లగుట ప్రవాసులందరికిని తెలిసిన కథయే. అక్కడి భారతీయులకు చేయవలసిన పని ఒక కొలిక్కి వచ్చినది. ఇక్కడ ఎదుట నిలిచి చేయవలసిన పని ఎదురుచూచుచున్నది. అప్పుడాయన బయలుదేరిరి.

ఒక ఆక్షేపణ ఇక్కడ కలుగును. అప్పు మిగిలి ఉండగా వచ్చినవాడు ఇంటికి భారము కాడా? అతడు పంపు పైకముననే కదా ఆ ఇంట పొయ్యి వెలుగుచున్నది? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. చెమటోడ్చి పంపిన రూపాయి అంగడి రూపాయి కాదు, అది సేవయే. రాలేక అక్కడనే ఉండిపోయినవానిని కర్తవ్యము మరచినవాడని నిందించుట అధర్మము. శ్రీరాముడు సైతము చిత్రకూటమున భరతుడు పాదములు పట్టి వేడినను తిరిగి రాలేదు. తండ్రి మాట అను ఋణము తీరలేదు గనుక రాలేదు. ఎవని ఋణము ఎప్పుడు ఏ వైపు మ్రొగ్గునో బయటివారు చెప్పుటకు వీలు లేదు. కాని త్రాసు ఒకటి ఉన్నదని, దాని రెండవ పళ్ళెములో తాను స్వయముగా ఉన్నాడని ప్రవాసి మరువరాదు. ఇంకొక్క రెండేండ్లు, ఇంకొక్క రెండేండ్లు అనుచు గడిపినవారిలో కొందరు శంషాబాదు విమానాశ్రయమునకు పెట్టెలో చేరుచున్నారు. ఆ పెట్టె ముందు నిలిచిన తల్లికి ఇంటి స్లాబు ఎంత పటిష్టముగా ఉన్నదో చెప్పి ఓదార్చగలవారు లేరు.

రావలసినది ప్రవాసియే అయినను, రాకను సాధ్యము చేయువారు ఇంట ఉన్నవారు. ఈ ధర్మమును రామాయణము నందిగ్రామమున చూపినది. పదునాలుగేండ్లు నిండి, రాముడు భరద్వాజాశ్రమము చేరిన పిమ్మట నేరుగా అయోధ్యకు బయలుదేరలేదు. ముందుగా హనుమంతుని భరతుని కడకు పంపెను. తన రాక విని భరతుని ముఖము ఎట్లుండునో గమనించి రమ్మనెను. అంతకాలము రాజ్యమునకు అలవాటుపడిన తమ్ముడు దానిని కోరినచో అతడే ఏలుకొనుగాక అని రాముని భావము. తిరిగి వచ్చు ప్రతివాని గుండెలోను ఈ జంకు ఉండును. నేను లేని ఇంట నాకింకను చోటున్నదా? నా మంచము వేసిన మూల ఇప్పుడెవరిది?

భరతుడు ఏమి చేసెను? రాజ్యమును అప్పగించి, కోశమును, ధాన్యాగారమును, సేనను చూచుకొమ్మనెను. అన్నియు పదింతలైనవని నివేదించి, అది రాముని మహిమయే అనెను. ఇంట ఉన్నవాని ధర్మమంతయు ఈ ఒక్క ఘట్టమున ఉన్నది. దూరమున ఉన్నవాని సొమ్ము అతనిదేనని తలచుట, లెక్క చెప్పుట, వానికి చోటు నిలిపి ఉంచుట. గల్ఫునుండి పంపిన పైకము పెండ్లిళ్ళ ఆడంబరములకు, ఇరుగుపొరుగు పోటీలకు కరగిపోయినచో, వచ్చినవానికి నిలుచుటకు నేల ఉండదు. అతడు మరల పోవలసి వచ్చును. అప్పుడు అతనిని పంపినది దారిద్ర్యము కాదు, ఇంటివారి అజాగ్రత్త.

గమనించినచో, అయోధ్యలో ఎవరును రాముని ఏమి తెచ్చినావని అడుగలేదు. ఈనాటి ఊళ్ళలో వచ్చినవానిని మొదట అడుగు ప్రశ్న అదియే. ఎన్ని తులముల బంగారము, ఎంత పైకము, మరల ఎప్పుడు పోవుట? ఖాళీ చేతులతో వచ్చినవాడు ఆ ప్రశ్నలకు వెరచి కొన్నాళ్ళు ఇల్లు కదలడు. కొందరు ఆ వెరపుచేతనే రాక అక్కడనే ఏండ్లు గడుపుదురు. ఊరి నాలుక వాని త్రోవలో గోడ అగుచున్నది. తిరిగి వచ్చినవానిని "ఎట్లున్నవు బిడ్డా" అని పలుకరించుటకు ఖర్చు లేదు. ఆ పలకరింపు ఎదురుగా ఉన్నదని తెలిసినచో ఎందరో ఇంకొక రెండేండ్లు ముందుగా బయలుదేరుదురు.

వచ్చినవానికిని ఒక ధర్మము కలదు. పోయిననాటి ఊరు ఉన్నది ఉన్నట్లు ఉండునని ఆశింపరాదు. చెరకు తోటలున్న చోట వరి పండవచ్చును, మిల్లు ద్వారము మూయబడి ఉండవచ్చును, కొడుకు మామా అని పిలువవచ్చును. క్యాంపులు కట్టుకొన్న తాతలు పరాయినేలను చెమటతో సొంతము చేసికొన్నట్లే, అతడు తన సొంత ఇంటిని మరల చెమటతో సొంతము చేసికొనవలెను. తండ్రిని ఎత్తి స్నానము చేయించిన రెండు చేతులే బిడ్డకు నాన్న ఎవరో చెప్పును.

ఈ ప్రాంతపు మంజీర బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయముగా బహుదూరము పారి, మెతుకుసీమ దాటిన పిమ్మట ఉత్తరమునకు మళ్ళి, కందకుర్తి వద్ద గోదావరిని చేరుచున్నది. అచట హరిద్రానది కూడ కలియుటచే అది త్రివేణీసంగమమని ప్రసిద్ధి. 2015 జూలై పుష్కరములలో లక్షల చేతులు అక్కడ పితరులకు నీళ్ళు వదలినవి. నది ఎంత దూరము పోయినదని ఆ వేళ ఎవరును కొలువరు. చేరవలసిన చోటికి చేరినదని నమస్కరింతురు.

ఏకచక్రపురమున ఒక ఇంటి దుఃఖమును తీర్చుటకు భీముని పంపిన పరమాత్మ, దూరదేశములలో ఉన్న బిడ్డలకు అప్పు తీర్చు శక్తిని, తిరిగి రావలసిన దినమును గుర్తించు వివేకమును, వారి త్రోవ చూచుచున్న ఇండ్లకు భరతుని మనస్సును అనుగ్రహించుగాక.